విండోస్ 10కి మారాక ఆగిపోయిన పెళ్లి డీవీడీలు: నా అనుభవం

విండోస్ 7 నుంచి విండోస్ 10కి మారినప్పటి నుంచి మా ఇంటి కంప్యూటర్లో డిస్కులు ఆడటం మానేశాయి. మా ఊళ్లో ఎవరికి చూపించినా ఒకటే మాట: "డ్రైవ్ పోయిందండీ, అయినా ఈ రోజుల్లో డీవీడీలు ఎవరు చూస్తున్నారు?" డ్రైవ్ పోలేదు. ఒకదాని వెనక ఒకటి మూడు వేర్వేరు కారణాలున్నాయి, మూడూ బయటికి మాత్రం ఒక్కలాగే కనిపిస్తాయి: డిస్కు సరిగ్గా ఆడదు. ఇలాంటి మాట విని బీరువాలో ఉన్న పెళ్లి సీడీలు ఇక పనికిరావనుకునేవాళ్లు ఉంటారు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది భీమవరం. కంప్యూటర్ పాత డెస్క్‌టాప్, విండోస్ 7 హోం ప్రీమియంతో వచ్చింది. 2020 జనవరి 14తో విండోస్ 7కి సపోర్టు ఆగిపోయినా నాన్నగారికి దానితో ఏ ఇబ్బందీ లేదు. కానీ 2023 ఫిబ్రవరిలో వచ్చిన 110వ వెర్షన్ నుంచి క్రోమ్ విండోస్ 7 మీద ఆగిపోయింది. బ్రౌజర్ పాతబడిపోతే అందులో బ్యాంకు పనులు చేసుకోవడం మంచిది కాదు. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి, మా మిషన్‌లో అది లేదు. అందుకని ఫైళ్లు, ప్రోగ్రాములు ఎక్కడివక్కడే ఉంచి విండోస్ 10కి అప్‌గ్రేడ్ చేయించాం. ప్రింటర్ పనిచేసింది, తెలుగు కీబోర్డు పనిచేసింది. డీవీడీ డ్రైవ్ గురించి అప్పుడు ఎవరికీ గుర్తే లేదు.

కొన్నాళ్లకి పిన్ని ఫోన్ చేసింది. "నాన్నా, అక్క పెళ్లి సీడీలో మీ అమ్మమ్మ పాడిన అప్పగింతల పాట ఉంది చూడు, అది పంపగలవురా? మన చిన్నదాని పెళ్లికి అదే పాడాలి. మాటలు సగమే గుర్తున్నాయి నాకు." అక్క పెళ్లి 2009లో. వీడియో ఆయన మూడు డీవీడీలు చేసి ఇచ్చాడు. అమ్మమ్మ ఇప్పుడు లేదు. ఆ పాట ఆవిడ వాళ్ల అమ్మ దగ్గర నేర్చుకున్నది, మా ఇంటి పేర్లు, ఊళ్ల పేర్లు కలిపి పాడేది. పుస్తకాల్లో దొరకదు.

డిస్కు పెట్టాను. ట్రే లోపలికి వెళ్లింది, లైటు రెండుసార్లు వెలిగి ఆరిపోయింది. దిస్ పీసీ తెరిస్తే సీ, డీ డ్రైవులు ఉన్నాయి, డీవీడీ డ్రైవు గుర్తే లేదు.

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. ట్రే తెరుచుకుంటోంది కదా, కాబట్టి డ్రైవు బాగానే ఉందని కొందరంటారు. ట్రేకి కరెంటు అందితే చాలు, తెరుచుకుంటుంది. దాన్ని బట్టి ఏమీ చెప్పలేం. డ్రైవు బతికుందో లేదో తెలుసుకోవాలంటే విండోస్‌ని పక్కన పెట్టి చూడాలి. కంప్యూటర్ ఆన్ అవుతుండగా డిలీట్ కీ నొక్కి (కొన్ని మిషన్లలో ఎఫ్2) బయాస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెరలోకి వెళ్లాను. డ్రైవుల కేబుళ్లు తగిలించే సాటా పోర్టుల జాబితాలో హార్డ్ డిస్కు కింద డీవీడీ డ్రైవు మోడల్ నంబరుతో సహా కనిపించింది. అంటే కేబుల్ బాగుంది, డ్రైవులోని సర్క్యూటు మాట్లాడుతోంది. లోపం విండోస్ వైపే అని అక్కడ తేలిపోయింది. కొత్త డ్రైవు కొనాలన్న టెన్షన్ సగం దిగింది.

మళ్లీ విండోస్‌లోకి వచ్చి పరికరాల జాబితా ఉండే డివైస్ మేనేజర్ తెరిచాను. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేస్తే అందులోనే ఉంటుంది. డీవీడీ డ్రైవు పేరు పక్కన పసుపు పచ్చ త్రికోణం, దాంట్లో ఆశ్చర్యార్థకం. ప్రాపర్టీస్ చూస్తే కోడ్ 19. రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులన్నీ రాసుకునే చోటు) ఈ పరికరానికి సంబంధించిన సమాచారం అసంపూర్తిగానో దెబ్బతినో ఉంది కాబట్టి దీన్ని నడపలేను అని దాని భావం. ముందు తేలికైన మార్గం చూశాను: అక్కడే అన్‌ఇన్‌స్టాల్ డివైస్ కొట్టి రీస్టార్ట్ చేస్తే విండోస్ డ్రైవుని మళ్లీ తనే గుర్తుపట్టాలి. గుర్తుపట్టింది, త్రికోణంతో సహా.

కోడ్ 19 అని ఉన్నప్పుడు వెతకాల్సిన చోటు ఒకటుంది. అది చెప్పే ముందు కారణం చెప్పాలి. విండోస్ 7 రోజుల్లో డిస్కులు బర్న్ చేసుకోవడానికి రకరకాల సాఫ్ట్‌వేర్లు వేసుకునేవాళ్లం. వాటిలో కొన్ని విండోస్‌కీ డ్రైవుకీ మధ్య తమ సొంత చిన్న డ్రైవర్ (పరికరాన్ని నడిపే ప్రోగ్రాము) ఒకటి పెడతాయి. దాన్ని ఫిల్టర్ డ్రైవర్ అంటారు. అప్పటినుంచి డిస్కు చదవమన్న ప్రతి ఆదేశమూ దాని గుండానే వెళ్లాలి. అప్‌గ్రేడ్‌లో ఆ పాత ఫైలు పనికిరాక తొలగిపోయింది, కానీ రిజిస్ట్రీలో దాని పేరు అలాగే ఉండిపోయింది. టోల్‌గేటు దగ్గర మనిషి వెళ్లిపోయాడు, గేటు మాత్రం మూసే ఉంది. విండోస్ ఆ పేరున్న డ్రైవర్ కోసం వెతుకుతుంది, దొరకదు, ఇక మొత్తం డీవీడీ డ్రైవునే ఆపేస్తుంది.

ఆ పేర్లు ఉండే చోటు ఇది. స్టార్ట్‌లో రెజ్ఎడిట్ అని కొట్టి రిజిస్ట్రీ ఎడిటర్ తెరవాలి. హెచ్‌కీ లోకల్ మెషీన్‌లో సిస్టమ్, దాంట్లో కరెంట్ కంట్రోల్ సెట్, దాంట్లో కంట్రోల్, దాంట్లో క్లాస్. క్లాస్ కింద పొడవాటి అంకెల పేర్లతో ఫోల్డర్లు వరసగా ఉంటాయి. మనకి కావలసింది 4డీ36ఈ965తో మొదలయ్యేది. పక్కనే దాదాపు అవే అంకెలతో 4డీ36ఈ967 ఉంటుంది, అది హార్డ్ డిస్కులది, దాని జోలికి పోకూడదు. సరైనదే తెరిచామో లేదో చూసుకోవడానికి ఒక గుర్తుంది: కుడివైపు క్లాస్ అన్న వరసలో సీడీరామ్ అని రాసి ఉంటుంది. మా దాంట్లో అప్పర్ ఫిల్టర్స్, లోయర్ ఫిల్టర్స్ అని రెండు ఎంట్రీలున్నాయి. తెరిచి చూస్తే లోపల ఆ పాత బర్నింగ్ సాఫ్ట్‌వేర్ డ్రైవర్ పేరు కనిపించింది. ముందు ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ కొట్టి ఆ ఫోల్డర్ మొత్తాన్ని డెస్క్‌టాప్ మీద దాచుకున్నాను. ఏదైనా తేడా వస్తే ఆ ఫైలు మీద డబుల్ క్లిక్ చేస్తే పాత స్థితి తిరిగి వస్తుంది. ఆ తర్వాతే రెండు ఎంట్రీలూ డిలీట్ చేశాను. బీఏకే అని చివర ఉన్నవి కనబడితే వాటిని వదిలేయవచ్చు, అవి పనిలో ఉండవు.

రీస్టార్ట్ చేశాను. దిస్ పీసీలో డీవీడీ డ్రైవు వచ్చేసింది. పాత బర్నింగ్ సాఫ్ట్‌వేర్ ఇక నడవకపోవచ్చు, నాకు దానితో పని లేదు.

ఆత్రంగా పెళ్లి డిస్కు పెట్టేయకుండా మూడు రకాల డిస్కులు తీసుకున్నాను: ఒక ఆడియో సీడీ, షాపులో కొన్న ఒక సినిమా డీవీడీ, పెళ్లి డీవీడీ. దీనికి కారణముంది. సీడీని చదివే లేజరు వేరు, డీవీడీని చదివేది వేరు. సీడీకి 780 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్, డీవీడీకి 650 నానోమీటర్ల ఎరుపు. సీడీలు చదువుతూ డీవీడీలు చదవని డ్రైవులు ఉండేది అందుకే. ఇక షాపులో కొన్న డీవీడీ అచ్చు వేసినది, పెళ్లి డీవీడీ రంగు పొర మీద లేజరుతో కాల్చి రాసినది. రెండోదాన్ని చదవడం డ్రైవుకి కాస్త కష్టం. మూడూ పెట్టి చూస్తే లోపం ఎక్కడుందో తెలిసిపోతుంది.

ఆడియో సీడీ విండోస్ మీడియా ప్లేయర్లో హాయిగా పాడింది. సినిమా డీవీడీ పెడితే డ్రైవులో పేరు వచ్చింది, లోపల వీడియో టీఎస్ ఫోల్డరు, అందులో వీడియో ఉండే వీఓబీ ఫైళ్లు, అన్నీ ఉన్నాయి. అంటే ఎర్ర లేజరు కూడా బాగుంది. కానీ ప్లే అవ్వదు. ఇది రెండో కారణం, దీనికి డ్రైవుతో సంబంధం లేదు. డీవీడీలో వీడియో ఎంపెగ్-2 పద్ధతిలో ఉంటుంది, ధ్వని చాలావరకు డాల్బీ. వాటిని విప్పే డీకోడర్లకి లైసెన్సు రుసుము కట్టాలి. విండోస్ 7 హోం ప్రీమియం, ప్రొఫెషనల్, అల్టిమేట్‌లలో ఆ డీకోడర్లు కలిపే ఇచ్చారు. 2012లో విండోస్ 8తో డీవీడీ ప్లేబ్యాక్ తీసేశారు, విండోస్ 10లో మీడియా సెంటర్ కూడా లేదు. అప్‌గ్రేడ్ చేసిన వాళ్లకి మొదట్లో కొంతకాలం విండోస్ డీవీడీ ప్లేయర్ అనే యాప్ ఉచితంగా ఇచ్చారు. మేం మారేనాటికి ఆ గడువు దాటిపోయింది, స్టోర్లో డబ్బు కట్టమంది.

కట్టక్కర్లేదు. వీఎల్‌సీ ప్లేయర్ చాలు. ప్యారిస్ దగ్గరి ఒక ఇంజినీరింగ్ కాలేజీ విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలైన ఉచిత సాఫ్ట్‌వేర్ అది, డీకోడర్లన్నీ తనతోనే తెచ్చుకుంటుంది. దాన్ని తయారుచేసే వీడియోల్యాన్ వాళ్ల సొంత సైటు నుంచే దించుకోవాలి. వెతికితే పైన ప్రకటనల్లో వచ్చే సైట్లు అక్కర్లేని ప్రోగ్రాములు కూడా అంటగడతాయి. "కోడెక్ ప్యాక్" అని కనిపించేవి కూడా వేయకండి, అవసరం లేదు. వీఎల్‌సీలో కంట్రోల్, డీ కలిపి నొక్కితే డిస్కు తెరిచే పెట్టె వస్తుంది. సినిమా డీవీడీ వెంటనే ఆడింది.

మధ్యలో ఒక మాట. అమెరికా నుంచి ఎవరైనా తెచ్చిన సినిమా డీవీడీ పెడితే ప్రాంతం మార్చమని విండోస్ అడగవచ్చు. మన దేశానిది రీజియన్ 5, అమెరికాది 1. డ్రైవులో ఆ సెట్టింగ్ ఐదుసార్లే మారుతుంది, ఆ తర్వాత ఆఖరిగా ఏది పెట్టామో అక్కడే శాశ్వతంగా ఉండిపోతుంది. విండోస్‌ని తీసేసి మళ్లీ వేసినా తిరిగి రాదు, ఎందుకంటే ఆ లెక్క ఉండేది డ్రైవులో. పెళ్లి డిస్కులకి ఈ గొడవ లేదు.

పెళ్లి డిస్కుల్లో మొదటిదీ రెండోదీ ఆడాయి. మొదటి దాని మెనూ దగ్గర, పూల దండల మధ్య అక్కాబావల ఫొటోలు తిరిగే చోట, వీఎల్‌సీ కాసేపు బిగుసుకుపోయింది. డిస్కు తెరిచే పెట్టెలో 'నో డిస్క్ మెనూస్' టిక్ పెడితే నేరుగా వీడియోలోకి వెళ్లింది. మెనూ దగ్గరే బిగుసుకుపోయే డిస్కులకి ఇది మంచి ఉపాయం.

మూడో డిస్కు మాత్రం స్నాతకం, తలంబ్రాలు, నల్లపూసలు అన్నీ చూపించి, అప్పగింతలు మొదలయ్యేసరికి ఆగింది. బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోయి, డ్రైవు గర్రుమని వేగం పెంచుతూ తగ్గిస్తూ, చివరికి నిలిచిపోయింది. కావలసిన పాట సరిగ్గా అక్కడే.

ఇది మూడో కారణం, డిస్కుదే. యాదృచ్ఛికం కాదని డిస్కు చేతిలోకి తీసుకుని చూస్తే అర్థమైంది. డీవీడీలో రాత లోపలి వలయం నుంచి బయటికి సాగుతుంది. కార్యక్రమంలో ఆఖరున జరిగింది డిస్కు అంచు దగ్గర ఉంటుంది. అంచునే వేళ్లతో పట్టుకుంటాం, తేమ మొదట చేరేదీ అక్కడే. పైగా మా వీడియో ఆయన డిస్కు మీద కాగితం స్టిక్కరు అంటించాడు: హృదయాకారంలో పెళ్లి ఫొటో, కింద బంగారు రంగులో ముహూర్తం తేదీ. మా ఊరి గాలిలో తేమకి ఆ స్టిక్కరు ఒక వైపు ఉబ్బింది, అంచున గోరు దూరేంత లేచింది. డిస్కు వేగంగా తిరుగుతున్నప్పుడు బరువు ఒక పక్కకి తూగి వణుకుతుంది. ఆ వణుకు అంచు దగ్గరే ఎక్కువ. స్టిక్కరు పీకేయాలనిపిస్తుంది. పీకకండి. సీడీలో అయితే అద్దం పొర స్టిక్కరుకి ఆనుకునే ఉంటుంది, దానితో పాటే ఊడి వచ్చేస్తుంది. డీవీడీలో ఆ పొర 0.6 మిల్లీమీటర్ల పలకలు రెండింటి మధ్య ఉంటుంది కాబట్టి కొంత నయం, అయినా లాగితే పలక వంగిపోవచ్చు. లేచిన అంచుని వేలితో నొక్కి అలాగే వదిలేశాను.

కింది వైపు వేలిముద్రలు, సన్నటి మసక ఉన్నాయి. మంచినీళ్లలో ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి, మెత్తటి నూలు గుడ్డ ముంచి పిండి, మధ్య నుంచి అంచుకి తిన్నగా తుడిచాను. గుండ్రంగా తిప్పి తుడవకూడదు. డిస్కులో రాత గుండ్రంగా ఉంటుంది. అడ్డంగా పడిన సన్నటి గీతని డ్రైవు తన లెక్కలతో సరిదిద్దుకోగలదు, రాత వెంబడి పడిన గీత మాత్రం వరసగా చాలా సమాచారాన్ని మింగేస్తుంది. టూత్‌పేస్టు రాయమన్నారు ఒకరు. నేను రాయలేదు. అది అరగదీసే పదార్థం, మసకకి మందు కాదు.

తుడిచాక ఇంకాస్త ముందుకి వెళ్లి ఆగింది. విండోస్‌లో ఫైళ్లు కాపీ చేద్దామంటే ఆఖరి వీఓబీ దగ్గర 'సైక్లిక్ రిడండెన్సీ చెక్' ఎర్రర్. ఒక్క సెక్టారు (డిస్కులో ఒక చిన్న ముక్క) చదవలేకపోతే విండోస్ ఆ ఫైలు కాపీ మొత్తాన్నే రద్దు చేస్తుంది. ఇలాంటి డిస్కు నుంచి తీయగలిగిందంతా తీసే పనిముట్టు లినక్స్‌లో (విండోస్ లాంటి మరో ఆపరేటింగ్ సిస్టమ్) ఉంది, డీడీరెస్క్యూ అని. ముందు తేలిగ్గా వచ్చేదంతా గబగబా తీసుకుంటుంది, చదవలేని చోట ఆగకుండా దాటేసి ఆ చోటు మ్యాప్ ఫైల్లో రాసుకుంటుంది. తర్వాత మిగిలిన ముక్కల దగ్గరికే వెళ్లి ఓపిగ్గా మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. మధ్యలో కరెంటు పోయినా ఆ మ్యాప్ ఉంది కాబట్టి ఆగిన చోటు నుంచి మొదలవుతుంది.

లినక్స్‌లో ఒక రకమైన ఉబుంటుని పెన్‌డ్రైవ్‌లో పెట్టి దాని నుంచే కంప్యూటర్ నడిపాను. ఇన్‌స్టాల్ చేయాల్సిన పని లేదు. అక్కడ ఒక చిక్కు వచ్చింది: కాపీని హార్డ్ డిస్కు మీద దాచబోతే రాయనివ్వలేదు. విండోస్ 10లో షట్‌డౌన్ కొట్టినా ఫాస్ట్ స్టార్టప్ వల్ల అది సగం నిద్రలోనే ఉంటుంది, దాని విభాగాలని లినక్స్ చదవడానికి మాత్రమే తెరుస్తుంది. మళ్లీ విండోస్‌లోకి వెళ్లి షట్‌డౌన్ బదులు రీస్టార్ట్ కొట్టి పెన్‌డ్రైవ్‌లోకి వచ్చాక ఆ ఇబ్బంది పోయింది. ఉబుంటులో ఆ ప్యాకేజీ పేరు జీడీడీరెస్క్యూ. డీవీడీలకి సెక్టారు సైజు 2048 బైట్లు అని చెప్పాలి, కాపీ ఐఎస్ఓ ఫైలుగా, అంటే డిస్కు మొత్తం ఒకే ఫైలుగా వస్తుంది. రాత్రి పెట్టి పడుకున్నాను. తెల్లవారి చూస్తే 4 జీబీకి పైగా ఉన్న డిస్కులో కొన్ని ఎంబీలు తప్ప అంతా వచ్చింది.

ఆ కొన్ని ఎంబీలు కూడా వదులుకోవాలనిపించలేదు. బావగారి వాళ్లకి కూడా ఇదే సెట్ ఇచ్చారని అక్కకి గుర్తొచ్చింది. అది హైదరాబాద్‌లో వాళ్ల అత్తగారి బీరువాలో ఉంది. అక్క వస్తూ తెచ్చింది. ఒకే ఫైలు నుంచి బర్న్ చేసినవి కాబట్టి రెండు డిస్కులూ అక్షరం పొల్లుపోకుండా ఒకటే. డీడీరెస్క్యూకి పాత మ్యాప్ ఫైలు, పాత ఐఎస్ఓ ఇచ్చి రెండో డిస్కు పెడితే, మొదటి దాంట్లో రాని ముక్కల్ని మాత్రమే దీని నుంచి చదువుతుంది. నిజానికి హైదరాబాద్ డిస్కు మీద మాదాని కంటే గీతలు ఎక్కువ. కానీ గీతలు పడిన చోట్లు వేరు. ఖాళీలన్నీ నిండిపోయాయి. ఇంట్లో పెళ్లి డిస్కు పాడైతే ముందు చుట్టాల్లో ఎవరి దగ్గర ఇంకో సెట్ ఉందో కనుక్కోమని అందరికీ చెబుతున్నాను.

విండోస్ 10లో ఐఎస్ఓ మీద డబుల్ క్లిక్ చేస్తే డిస్కు పెట్టినట్టే తెరుచుకుంటుంది. అమ్మమ్మ చేతులు కదిలినప్పుడల్లా అంచుల్లో దువ్వెన పళ్లలా గీతలు కనబడ్డాయి. అప్పటి కెమెరాలు ఒక్కో ఫ్రేమునీ రెండు సగాలుగా తీసేవి, అందుకే అలా. వీఎల్‌సీలో డీ కీ నొక్కితే ఆ గీతలు పోతాయి. హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఎంపీ4గా మార్చేటప్పుడు కూడా ఆ గీతలు తీసే డీఇంటర్‌లేస్ ఆన్ చేసుకోవాలి, లేకపోతే ఆ గీతలు ఫైల్లో అలాగే నిలిచిపోతాయి. పాట వరకు కత్తిరించి పిన్నికి వాట్సాప్‌లో పంపాను. పూర్తి డిస్కులు పెన్‌డ్రైవ్‌లో. ఆ పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు, అందుకని టీవీకి ఎంపీ4లే ఇచ్చి, ఐఎస్ఓలు హార్డ్ డిస్కులోనే ఉంచాను.

ఇంకా మిగిలినవి మామయ్య క్యామ్‌కార్డర్‌తో తీసిన 8 సెంటీమీటర్ల చిన్న డీవీడీలు. వాటిని పెడితే విండోస్ ఖాళీ డిస్కు అంటోంది. కెమెరాలో ఫైనలైజ్ (రికార్డింగ్ ముగించి డిస్కుని వేరే మిషన్లు చదివేలా చేయడం) చేయకుండా వదిలేసిన డిస్కులు అలాగే కనిపిస్తాయి. తీసిన కెమెరాలోనే పెట్టి ఫైనలైజ్ చేస్తే కంప్యూటర్లో తెరుచుకుంటాయి. కెమెరా దొరికింది, చార్జర్ కోసం మామయ్య అటక మీద వెతుకుతున్నాడు.